మెట్లెక్కడమే సరిపోయిన వారం

"ఈ వారం ఏం లేదక్కా. ఊకె మెట్లెక్కుడే సరిపోయింది."

ఇంతే మెసేజ్ పెట్టి ఫోన్‌ను టేబుల్ మీద బోర్లా వేశాను. ఎనుమాముల మార్కెట్ యార్డుకు దగ్గర్లో ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. అక్కడికి వచ్చే లారీలకు గేటు చీటీలు రాసిచ్చే పని నాది. మిర్చి సీజన్ కావడంతో బయట లారీలు బారులు తీరి ఉన్నాయి. లోపల మేమందరం ముక్కులకు చేతిరుమాళ్లు కట్టుకుని తుమ్ముతున్నాం. శనివారం నాలుగింటికి మేం చూసే సీరియల్ కొత్త ఎపిసోడ్ వస్తుంది. చాయ్ తాగే టైములో గోడౌన్ వెనక అరుగు మీద కూర్చుని ఫోన్లో చూసేశాను. చూసి ఒళ్లు మండిపోయింది. వారమంతా దేనికోసం కాచుకుని ఉన్నానో అది జరగనే లేదు.

ఫోన్ గర్రుమంది. అక్క జవాబు.

"ఏం లేకపోతే ఇరవై రెండు నిమిషాలు ఏం చూపిచ్చిండ్రు మరి?"

ఇంకో నిమిషానికి మరో మెసేజ్.

"నీకు ఏం లేదు అనిపిచ్చింది. నాకేమనిపిస్తదో నువ్వెట్ల చెప్తవే?"

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. నాకంటే నాలుగేళ్లు పెద్దది. కాశిబుగ్గలో వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. పదకొండేళ్లప్పుడు జ్వరం మెదడుకెక్కి, నెల రోజులు దవాఖానలో ఉండి, బతికి వచ్చింది. రెండు చెవులూ మాత్రం పోయాయి. మాట పోలేదు. తన గొంతు తనకు వినబడదు కాబట్టి, మెల్లగా చెప్పాల్సిన మాట కూడా వాడంతా వినేలా చెబుతుంది. మేం ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది. ఇంటి ముందు గదిలో మగ్గం వేసుకుని పెళ్లి బ్లౌజులకు పూసలు, జరీ, కుందన్లు కుడుతుంది. వరంగల్‌లో ఆమె చేతి నెమళ్లు వేసుకోని పెళ్లికూతుళ్లు తక్కువేనని పెద్దమ్మ గొప్పగా చెప్పుకుంటుంది. అందులో సగమన్నా నిజమే.

మేమిద్దరం చూస్తున్నది జపాన్ వాళ్ల బొమ్మల సీరియల్. ఇప్పుడు అందరూ అనిమే అంటారు. మా చిన్నప్పుడు కార్టూన్ అనేవాళ్లం. అప్పట్లో తెలుగు మాటలు పెట్టి టీవీలో రోజూ సాయంత్రం వేసేవారు. కథ ఇది. పన్నెండేళ్ల పిల్ల ఒకతి. వాళ్లన్న కొండ మీది కోటలో దీపాలు వెలిగించే పనిలో ఉంటాడు. మంచం పట్టిన తల్లి కొడుక్కి ఒక ఉత్తరం రాసి పిల్ల చేతికి ఇస్తుంది. కోటకు పోయే దారిలో ఏడు ద్వారాలు, ఒక్కో ద్వారం దగ్గర ఒక్కో గండం.

మూడో ద్వారం దాకా అక్క చెవులతో విన్నది. తర్వాత జ్వరం వచ్చింది. దవాఖాన నుంచి వచ్చాక మొదటి రోజే టీవీ ముందు కూర్చుంది. పెదాలు ఆడుతున్నాయి, ఏమీ వినబడటం లేదు. బొమ్మల పెదాలు ఊరికే మూసుకుని తెరుచుకుంటాయి తప్ప వాటి మీద మాట కనబడదు. అక్క ఏడవలేదు. నా రెండు భుజాలు పట్టుకుని తనకెదురుగా కూర్చోబెట్టింది. నాకప్పుడు ఏడేళ్లు. టీవీకి వీపు పెట్టి, వెనక నుంచి వినబడే మాటలన్నీ ఆమె ముఖంలోకి చూస్తూ చెప్పేదాన్ని. అట్లా చాలా రోజులు ఆ సీరియల్ నేను విన్నాను, ఆమె చూసింది. ఐదో ద్వారం కనబడిన మరునాడు ఆ టైముకు టీవీలో ఇంకేదో వంటల కార్యక్రమం వచ్చింది. ఆ ద్వారం తెరుచుకోవడం మేం చూడనే లేదు.

పోయిన ఏడాది, పాత సీరియల్‌ను మళ్లీ కొత్తగా తీస్తున్నారని ఫోన్లో చూసి, ఆఫీసులో ఒంట్లో బాగాలేదని చెప్పి ఆటో ఎక్కి ఇంటికొచ్చాను. అక్క మగ్గం ముందు వంగి కూర్చుని ఉంది. ఫోన్ ఆమె ముఖానికి అడ్డం పెట్టాను. చదివింది. లేవబోయి మోకాలితో పూసల పళ్లెం తన్నింది. తెల్ల పూసలు, బంగారు పూసలు గదంతా దొర్లిపోయాయి.

"మళ్లా తీస్తాండ్రా? మొత్తమా? తలుపు తెరుస్తరా?" అని అరిచింది.

ఆ సాయంత్రమంతా మంచం కిందా బీరువా కిందా పూసలు ఏరుతూ, ఐదో ద్వారం వెనక ఏముంటుందో మాట్లాడుకున్నాం. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, "ముప్పయ్యేండ్లు దాటినయ్, బొమ్మల పిచ్చి ఇంక పోలే మీకు" అంటూనే తనూ నాలుగు పూసలు ఏరి పెట్టింది.

కొత్తది వచ్చేసరికి అది జపాన్ మాటల్లోనే ఉంది, కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. అక్క పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేలోపల అక్షరాలు మాయమయ్యేవి. అందుకని నేనొక పద్ధతి పెట్టాను. ల్యాప్‌టాప్ తెరను రెండు ముక్కలు చేసి పైన బొమ్మ, కింద నేను రాసిన తెలుగు. శనివారం చూసి రాసుకుంటాను. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యి, అన్నాలు తిన్నాక, ఇద్దరం మగ్గం గదిలో కూర్చుంటాం. మాటకు మాట సరిపోయేలా బాణం మీట నొక్కుతూ తెలుగును పైకి జరుపుతుంటాను. మొదటి వారం నా వేలు తడబడి, పిల్ల మాట్లాడాల్సింది గుర్రం మాట్లాడినట్టు వచ్చింది. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. నాలుగో వారానికి చెయ్యి కుదిరింది.

కథను ఉన్నదున్నట్టు తీయడం లేదని, మారుస్తున్నామని తీసినవాళ్లు ముందే చెప్పారు. కాబట్టి పాతది చివరిదాకా చూసినవాళ్లకు కూడా ఏం జరగబోతోందో తెలియదు. నాలుగో ద్వారం దగ్గర ఒక కాపలావాడు, "మీ అన్న లోయలో పడి చచ్చిపోయిండు, ఇంటికి పో" అన్నాడు. పాతదాంట్లో ఆ మాట లేదు. పిల్ల వెనక్కి పోలేదు. ఉత్తరం సమాధి మీదన్నా పెట్టి వస్తానని ముందుకే నడిచింది. మరుసటి వారం, ఎపిసోడ్ చివర్లో కొండను తొలిచి కట్టిన చీకటి మెట్ల వరుస, ఆ పైన ఎక్కడో ఐదో ద్వారం కనబడ్డాయి. ఆ వారమంతా నేను చీటీల మీద లారీ నంబర్లు తప్పు రాశాను.

తీరా ఆ శనివారం ఏం చూపించారు? పిల్ల చేతిలో దీపం పట్టుకుని మెట్లెక్కింది. ఆగింది. నీళ్లు తాగింది. మళ్లీ ఎక్కింది. చివర్లో ద్వారం ముందు నిలబడి చెయ్యి పైకెత్తింది. అయిపోయింది. మొత్తం పదకొండు మాటలు రాసుకున్నాను. అందులో మూడు "ఇంకా ఎన్ని?" అనేవే. ఈ సీరియల్ చూసే తెలుగువాళ్ల గ్రూపు ఒకటి ఫోన్లో ఉంది. అందులో అందరూ తిట్లు లంకించుకున్నారు. "దీనికంటే మా అమ్మ చూసే సీరియల్ నయం" అని ఒకరు, "వచ్చే వారం చెప్పులు తొడుక్కుంటది, చూస్కోండి" అని ఇంకొకరు. నేనూ రెండు ముక్కలు రాశాను. ఆ ఊపులోనే అక్కకు ఏం లేదని మెసేజ్ పెట్టాను.

ఆమె జవాబు చదివాక సిగ్గనిపించింది. నాకు నచ్చని వారం ఆమెకు లేకుండా చేయబోయాను. రేపు వస్తానని రాసి, ఐదున్నరకు ఇంటికి చేరి, చేతులకున్న మిర్చి ఘాటు పోయేదాకా సబ్బుతో కడుక్కుని, ల్యాప్‌టాప్ పట్టుకుని రెండిళ్లకూ కలిసిన డాబా మీదికి పోయాను. ఎండ తగ్గింది గానీ గచ్చు ఇంకా వేడిగానే ఉంది. చాప వేసుకుని ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. పదకొండు మాటలతో ఇరవై రెండు నిమిషాలు ఆమెను ఎట్లా కూర్చోబెట్టాలో తోచలేదు. మాటలు లేని చోట ఏముందో వినడమొకటే దారి. కళ్లు మూసుకుని మొదటి నుంచి పెట్టాను.

ముందు గాలి వినబడింది. "గాలి వీస్తోంది" అని రాశాను. పది సెకన్లకు ఆ గాలి మారింది. మెట్ల మొదట్లో హోరున ఉన్నది, లోపలికి పోయేకొద్దీ సన్నబడి, రాతి సందులోంచి సుయ్యిమని ఈల వేస్తోంది. కొట్టేసి మళ్లీ రాశాను. దీపం వత్తి చిటపటమంటోంది. పిల్ల భుజానికి వేలాడే సంచి తాడు అడుగడుగుకూ కిర్రుమంటోంది. ఎక్కడో పైనుంచి నీటి బొట్టు పడుతోంది. ఒకచోట గులకరాయి ఆమె కాలికి తగిలి టకటకా మెట్లన్నీ దొర్లుతూ కిందికి పోయి, ఎంతకీ ఆగలేదు. ఎన్ని మెట్లు ఎక్కి వచ్చిందో ఆ చప్పుడే చెప్పింది. నీళ్లు తాగినప్పుడు గుటక, తర్వాత సీసాలో అడుగున మిగిలిన రెండు చుక్కల గలగల. అంటే నీళ్లు అయిపోయాయి. ఆ సంగతి బొమ్మలో లేదు. నేను మొదటిసారి గమనించనే లేదు.

నా వేళ్లు పరుగెత్తడం మొదలుపెట్టాయి. ఒక్కో చప్పుడుకు తెలుగులో మాట వెతకడం, దొరకడం, అది సరిగ్గా అతికితే ఒళ్లు జలదరించడం. గబ్బిలం రెక్కలకు టపటప అని రాసి, కాదని కొట్టేసి, పైట చెంగు దులిపినట్టు అని రాశాను. అక్కకు పదకొండేళ్ల దాకా విన్న చప్పుళ్లు గుర్తున్నాయి. ఆమెకు తెలిసిన చప్పుడుతో పోల్చి చెబితే చాలు.

పదిహేడో నిమిషం దగ్గర ఆగిపోయాను. పిల్ల అడుగులు టప్, టప్, టప్ అని సమంగా పడుతున్నాయి. వాటి మధ్యలో ఇంకేదో ఉంది. వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. ఆమె ఆగినప్పుడు అది కూడా ఆగింది. కానీ వెంటనే కాదు, ఒక్క అడుగు ఆలస్యంగా. ఇయర్‌ఫోన్లు చెవుల్లోకి నొక్కుకుని మూడోసారి విన్నాను. ఒక అడుగు గట్టిగా పడుతోంది, దాని వెనక రాతి మీద ఏదో గీసుకుపోతోంది.

నా చెవుల మీద నాకే నమ్మకం కుదరలేదు. డాబా మీద ఎండిన బట్టలు తీయడానికి పెద్దమ్మ వచ్చింది. ఆమెకు ఈ కథ ఓనమాలు తెలియవు.

"పెద్దమ్మా, జర ఇది ఇని చెప్పు, ఏం ఇనపడుతాందో."

"నాకెందుకే అవి? చెవులు పాడైతయ్."

"ఒక్క నిమిషం. నీకు దండం పెడుత."

బట్టలు చంకలో పెట్టుకుని ఒక ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంది. కాసేపు గోడకేసి చూసింది.

"ఎవరో మెట్లెక్కుతాండ్రు."

"ఎంతమంది?"

"ఇద్దరు. ఒకరు చిన్నపిల్ల లెక్క ఉన్నది, అడుగు అల్కగ పడుతాంది. ఇంకొకరికి కాలు బాగలేదు బిడ్డా, పాపం. జర్రున ఈడుస్తాండు సూడు."

నేను చాప మీంచి లేచి ఎగిరాను. పెద్దమ్మ బెదిరిపోయి బట్టలు కింద పడేసింది. పిల్ల అన్న చిన్నప్పుడు గుర్రం మీంచి పడ్డాడు. అప్పటి నుంచి ఎడమ కాలు ఈడ్చి నడుస్తాడు. రెండో ఎపిసోడ్‌లో అది చూపించారు. చచ్చిపోయాడన్న అన్న!

కింద గదిలో అక్క ఉంది. ఉరికి పోయి చెప్పేద్దామని మెట్ల దాకా వెళ్లాను. ఆగిపోయాను. నేను చెబితే అది నేను కనిపెట్టింది అవుతుంది. ఆమె కూడా అదే చోట నాలాగే ఎగరాలి. వెనక్కి వచ్చి, అర్థం ఏమీ చెప్పకుండా వినబడింది వినబడినట్టు మాత్రమే రాశాను. పిల్ల అడుగు: టప్. ఇంకో అడుగు: దబ్, జర్ర్‌ర్. "జర్ర్" అనే మాట పెద్దమ్మ ఇచ్చింది. దానికంటే మంచిది నాకు దొరకలేదు.

ఆదివారం ఆరాధనలో కాళ్లు ఆడిస్తూనే ఉన్నాను. వాక్యం చదువుతుంటే పేజీ తప్పాను. అక్క నా తొడ మీద గిల్లి, తన లెక్కలో మెల్లగా, "ఏమైందే నీకు, చీమలు కుట్టినయా?" అంది. ముందు మూడు వరుసలు వెనక్కి తిరిగి చూశాయి.

మధ్యాహ్నం మాంసం కూర కూడా సరిగా తినకుండా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. నేను ఏం లేదన్న వారం గనుక అక్క ముందే నా మీద కోపంగా ఉంది. మొదటి వరుస పైకి జరిపాను. "గాలి హోరు. చెరువు కట్ట మీద నిలబడ్డట్టు." ఆమె కళ్లు కింది తెర నుంచి పైకి, పై నుంచి కిందికి తిరిగాయి. రెండో నిమిషానికి కోపం పోయింది.

"గిన్ని సప్పుళ్లున్నయా లోపట?" అంది. తెర మీంచి కళ్లు తిప్పకుండానే, "గులకరాయి ఇంక పోతనే ఉన్నదా?" అని అడిగింది. నేను వేలితో ఇంకా, ఇంకా అని చూపిస్తూ ఉన్నాను. సీసాలో రెండు చుక్కలు గలగలమన్న చోట, "నీళ్లయిపొయినయ్!" అని తనే చెప్పింది.

పదిహేడో నిమిషం దగ్గరపడింది. టప్. టప్. దబ్, జర్ర్‌ర్. మీట నొక్కుతూ తెర వదిలేసి ఆమె ముఖమే చూస్తున్నాను. అక్క కనుబొమలు ముడిపడ్డాయి. చేత్తో ఆపమని సైగ చేసింది. ఆపాను.

"ఎనకకు పో."

పోయాను.

"ఇంకా ఎనకకు. ఆ, గీడ. గోడ సూడు."

నేను గోడ చూశాను. మామూలు రాతి గోడ.

"ఏం సూస్తానవే! రాళ్ల సందుల నుంచి మట్టి రాలుతాంది. ఒకసారి ఎక్కువ, ఒకసారి జరంత. పోయిన నిమిషం నుంచి రాలుతనే ఉన్నది. నువ్వేమో దబ్ అని రాసినవ్, అప్పుడే ఎక్కువ రాలింది. జర్ర్ అన్నప్పుడు జరంత."

ఆపి, నడిపి, ఆపి చూశాను. నిజమే. ఇసుక రేణువంత మట్టి. పూసను సూదికి ఎక్కించే కళ్లు కాబట్టి పట్టుకున్నాయి. నేను ఆరుసార్లు చూసీ ఆ మట్టిని చూడలేదు. ఈ రెండో అడుగులు పిల్ల వెనక నుంచి వస్తున్నాయని, అన్న ఆమె వెంటే వస్తున్నాడని అనుకున్నాను. మట్టి రాలేది పక్క గోడ నుంచి.

అక్క లేచి నిలబడింది.

"గోడ అవుతల ఇంకో మెట్ల వరుసున్నది. ఈ పిల్ల ఇటు ఎక్కుతాంటే వాడు అటు ఎక్కుతాండు. కాలు ఈడుస్తాండు..." నా భుజం పట్టి ఊపింది. "అన్న! అన్ననే! సావలేదు వాడు!"

నేను కూడా లేచాను. ఇద్దరం చేతులు పట్టుకుని మగ్గం చుట్టూ గంతులేశాం. వంటింట్లోంచి పెద్దమ్మ గరిటెతో ఉరికివచ్చి, "ఏమైందే, పామా?" అంది.

ఆ సాయంత్రమే గ్రూపులో రాశాను. పదిహేడో నిమిషం నుంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి, ఎడమ పక్క గోడ చూడండి అని. ముందు నవ్వారు. సాగదీసినోళ్లకు మీరు వకీళ్లా అన్నారు. అరగంటకు ఒకరు, "ఆగుండ్రి ఆగుండ్రి, నిజంగనే ఉన్నది" అని పెట్టారు. తర్వాత ఇంకొకరు. అన్నం తినే వేళకు ఫోన్ టేబుల్ మీద నిలవలేదు. ఎవరు కనిపెట్టారని అడిగితే మా అక్క అని రాశాను. ఆమెకు చెవులు వినబడవని రాయలేదు. అది వాళ్లకు చెప్పాల్సిన సంగతి అనిపించలేదు.

తర్వాతి శనివారం దాకా ఆగడం కష్టమైంది. అక్క ఒక పెళ్లి బ్లౌజు మీద రెండు నెమళ్లు ఎదురెదురుగా చూడాల్సింది ఒకే వైపు చూసేలా కుట్టి, ఒక రోజంతా విప్పుకుంది. బుధవారం నాకు సెలవు. పొద్దున్నే వచ్చి, "ఖిలా వరంగల్ పోదాం పా" అంది.

"ఎందుకు?"

"అవుతల మనిషి నడుస్తే రాయి అదురుతదా లేదా చూద్దాం."

ఆటోలో కోటకు పోయాం. పెద్ద రాతి గోడ ఒకటి చూసుకుని, అక్క దానికి రెండు అరచేతులు, చెంప ఆనించి నిలబడింది. నేను గోడకు అటువైపు పోయి, ఎడమ కాలు ఈడుస్తూ దబ్, జర్ర్ అని నడిచాను. ఫొటోలు దిగడానికి వచ్చిన ఒక కుటుంబం నడక ఆపి నన్నే చూసింది. ఒకావిడ, "కాలుకేమైంది చెల్లె?" అని జాలిగా అడిగింది. ఏమీ లేదక్కా అని మామూలుగా నాలుగడుగులు నడిచి చూపించాను. ఆవిడ ఇంకా భయపడింది. పది నిమిషాలయ్యాక ఇవతలికి వచ్చి తెలిసిందా అని సైగ చేశాను.

"ఏం తెల్వలే. నడిసినవా అసలు?"

"చెప్పులరిగినయ్ నడిచి!"

"అయితే ఆ సీరియలోళ్లు అబద్ధం చూపిచ్చిండ్రు" అని చేతికంటిన దుమ్ము దులుపుకుంది. కాసేపటికి తనే మళ్లీ, "వాళ్ల గోడ సన్నగుంటదేమో" అంది. అక్కడే చెరో ముంజకాయ తిని ఇంటికొచ్చాం.

శనివారం నన్ను ముందుగా చూడనివ్వనని అక్క ఒట్టు వేయించుకుంది. ఆఫీసులో ముందే అడిగి మూడింటికల్లా బయటపడ్డాను. అక్క పని ఆపి మగ్గం గదికి తెర దించింది. నాలుగు కొట్టగానే పెట్టాం. ముందే రాసుకున్నది ఏమీ లేదు. ఇంగ్లీషు చదివి, జపాన్ చప్పుళ్లు విని, అప్పటికప్పుడు తెలుగులో కొట్టాలి. నా అక్షరాలన్నీ తప్పులు. "తలుపు" అని రాయబోతే "తలపు" అని పడింది. అక్క పట్టించుకోలేదు.

పిల్ల తలుపు తట్టింది. మూడుసార్లు. ఆ తర్వాత ఒక నిమిషం ఏమీ లేదు, గాలి కూడా లేదు. నేను రాయడానికేమీ లేక, "ఏం సప్పుడు లేదు" అని కొట్టాను. అక్క చదివి నా వైపు చూసి తల ఊపింది. అప్పుడు అటువైపు నుంచి ఎవరో తలుపు తట్టారు. మూడుసార్లు. "అవుతల నుంచి" అని మాత్రమే రాయగలిగాను. అక్క నా మోచెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, రెండు రోజులు వేళ్ల గుర్తులున్నాయి.

తలుపు తెరుచుకుంది. గడ్డం పెరిగిన మనిషి. చేతిలో పొడవాటి కర్ర, దాని చివర దీపం. వెలుగు పిల్ల ముఖం మీద పడింది. ఆ మనిషి ఆమెను చాలాసేపు చూశాడు. పిల్ల సంచిలోంచి ఉత్తరం తీసి చాపింది. అతను తీసుకోలేదు.

"నువ్వెవరు?" అన్నాడు.

ఎపిసోడ్ అయిపోయింది.

నేను ఆ ఒక్క మాట రాసి తల పట్టుకున్నాను. చెల్లెల్ని గుర్తుపట్టలేదు! మళ్లీ వారం రోజులు! గ్రూపులో ఏమంటారో తలుచుకుంటుంటే పక్కన అక్క లేదు. వీధి తలుపు తీసిన చప్పుడు వినబడింది.

"బతికే ఉన్నడు!" గడప మీద నిలబడి గొంతెత్తి అరుస్తోంది. "అమ్మా, బతికే ఉన్నడే!"

కూరగాయల సంచితో అటుగా వస్తున్న పెద్దమ్మ ఆగిపోయింది. ఎదురింటి ఆమె చీపురు పట్టుకునే బయటికి వచ్చి, "ఎవరక్కా, దవాఖాన్ల ఉన్న మీ మరిదేనా?" అని పెద్దమ్మను అడిగింది. ఆ మరిదికి ఏ జబ్బూ లేదు, పంటి నొప్పికి పోయాడంతే. పెద్దమ్మకు ఏం చెప్పాలో తోచక, "దేవునికి స్తోత్రం" అంది. పక్కింటి ఇద్దరు కూడా గోడ మీంచి తొంగిచూశారు. అక్క వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసి, వీళ్లకేమీ తెలియదని గ్రహించింది. గడప మీదే చతికిలబడి, పక్కన నన్ను కూర్చోమని చేత్తో నేల మీద తట్టి, మొదలుపెట్టింది.

"ఒక పిల్ల ఉంటది. పన్నెండేండ్లు. వాళ్లమ్మ ఒక ఉత్తరం రాసిస్తది..."

ఎదురింటి ఆమె చీపురు గోడకు ఆనించి, కొంగు నడుముకు దోపుకుని, ఎదురుగా వచ్చి కూర్చుంది.